డాక్టరమ్మ జవాబులు: గోమార్ల గోల

వానలు మొదలైనప్పటి నుంచి ఈ శీర్షికకు వస్తున్న ఉత్తరాలు, వాట్సాప్ మెసేజీల్లో ముప్పాతిక వంతు గోమార్ల మీదే, అంటే కుక్కల్నీ పశువుల్నీ పట్టి రక్తం తాగే పిడుదుల మీదే. విశాఖ ఉక్కలో వాటికి ఏడాది పొడుగునా పండగే గానీ, ఈ రోజుల్లో జనం కంట ఎక్కువగా పడుతున్నాయి. అందుకని చిలక ఈకలు, కుందేలు పళ్లు వచ్చే నెలకు వాయిదా వేశాను. ఆ ఉత్తరాలు రాసినవాళ్లు ఏమీ అనుకోవద్దు.

ప్ర: మాది ఎంవీపీ కాలనీ. మా ల్యాబ్రడార్ చెవి మడతలో పెద్ద గోమారి కనబడింది. కిరసనాయిలు చుక్క వేస్తే అదే ఊడిపోతుందని మా అత్తగారు, అగ్గిపుల్ల కాల్చి అంటించమని మా వారు, వాసెలిన్ పూయమని యూట్యూబ్. ఎవరి మాట వినమంటారు?

జ: ముగ్గురి మాటా వద్దమ్మా. అత్తగారితో "డాక్టరమ్మ వద్దంది" అని నా మీదకే నెట్టేయండి, మీకు మాట రాకుండా ఉంటుంది.

గోమారి దోమ మాదిరి కుట్టి ఎగిరిపోయేది కాదు. చర్మాన్ని కోసి, వెనక్కి వంగిన ముళ్లున్న గొట్టాన్ని లోపలికి దింపి, చుట్టూ సిమెంటులా గట్టిపడే జిగురు వదిలి అక్కడే కాపురం పెడుతుంది. నొప్పి తెలియనివ్వని పదార్థం దాని లాలాజలంలోనే ఉంటుంది. అందుకే అంత పురుగు చెవిలో ఉన్నా మీ కుక్క హాయిగా నిద్రపోతోంది. ఆడది వారం పాటు వదలకుండా తాగి ఆముదం గింజంత అవుతుంది. మీకు కనబడింది అదే అయి ఉంటుంది.

ఇప్పుడు దానికి వేడి తగిలించారనుకోండి. వదిలితే వదులుతుంది, లేకపోతే లేదు. ఈలోగా ఆ చిరాకులో కడుపులోదీ నోట్లోదీ కుక్క రక్తంలోకి కక్కే ప్రమాదం ఉంది. రోగాలన్నీ ఉండేది అందులోనే. వాసెలిన్‌తో ఊపిరాడకుండా చేయడమూ అయ్యే పని కాదు, గంటకు కొన్నిసార్లు గాలి పీల్చుకుంటే చాలు దానికి. అది చచ్చేదాకా మనం గంటల తరబడి ఎదురుచూడాలి, అంతసేపూ అది తాగుతూనే ఉంటుంది. ఇక కిరసనాయిలు చెవి చర్మాన్ని కాలుస్తుంది. కుక్క దాన్ని నాకితే, అది ఊపిరితిత్తుల్లోకి పోతే మీకు గోమారి సంగతి గుర్తు కూడా ఉండదు.

కావలసినవి కొంచెమే. మొన సన్నగా ఉన్న పట్టకారు ఒకటి. మెడికల్ షాపులో దొరుకుతుంది, కంసాలి వాడే శ్రావణమైనా పనికొస్తుంది. కనుబొమలకు వాడే చదును మొన ప్లకర్ మాత్రం పురుగు పొట్టను నొక్కేస్తుంది, అది వద్దు. చేతికి గ్లవ్స్, లేకపోతే పాలిథిన్ కవరు. మూత గట్టిగా పట్టే చిన్న సీసాలో కాస్త సర్జికల్ స్పిరిట్. ఫోను టార్చి పట్టుకోవడానికి, చపాతీ ముక్క చూపించి కుక్కను మాటల్లో పెట్టడానికి ఇంకొక మనిషి. ఆ పని మీ వారికి అప్పగించండి.

వెంట్రుకలు రెండు పక్కలకు విడదీస్తే పురుగు చర్మానికి అతుక్కున్న చోటు కనబడుతుంది. బూడిద రంగు పొట్ట పైన ఉంటుంది, ఎర్రగోధుమ రంగు కాళ్లు కింద చర్మం దగ్గర గుంపుగా కదులుతుంటాయి. పట్టకారు ఆ కాళ్ల కింద, వీలైనంత చర్మాన్ని ఆనుకుని పట్టాలి. పొట్టను పట్టకూడదు. పట్టాక నిటారుగా పైకి లాగండి. గుంజొద్దు, మెలి తిప్పొద్దు. చర్మం కొంచెం పైకి లేస్తుంది, అక్కడే పట్టు సడలించకుండా ఆగండి. కొన్ని క్షణాల్లో చటుక్కున వదిలేస్తుంది. నోటికి తెల్లటి పొలుసు అంటుకుని వస్తే గాభరా పడకండి, అది దాని జిగురే. పెట్ షాపుల్లో అమ్మే ప్లాస్టిక్ కొక్కేనికి మాత్రం పద్ధతి వేరు. దాన్ని పురుగు కిందికి జరిపి తిప్పుతూ తీయాలి. ఆ తిప్పడం చూసే జనం పట్టకారుతోనూ తిప్పుతున్నారు.

తీసింది నేరుగా స్పిరిట్‌లోకి. గోళ్ల మధ్య నలిపేసే అలవాటు చాలామందికి ఉంది, దయచేసి మానండి. దాని రక్తం మీ వేలి మీది పుండుకో, అదే వేలితో కన్ను నులుముకుంటే కంటికో అంటుతుంది. నీళ్ల బకెట్లో వేస్తే అంత తేలిగ్గా చావదు, అంచు పట్టుకుని మళ్లీ పైకి పాకుతుంది. తర్వాత ఆ చోట సబ్బునీళ్లతో కడిగి బెటడిన్ అద్దండి, మీరూ చేతులు కడుక్కోండి.

ముక్క లోపల ఉండిపోతే? పిన్నీసుతో తవ్వకండి. తల మిగిలితే మళ్లీ పురుగు పెరుగుతుందన్నది ఒట్టి మాట. చర్మమే దాన్ని బయటికి నెట్టేస్తుంది. చిన్న గడ్డ కొన్నాళ్లు ఉండి పోతుంది. గడ్డ పెరిగినా, చీము పట్టినా చూపించండి.

ఒకటి దొరికిందంటే అక్కడితో ఆపకండి. రెండో చెవి, వేళ్ల సందులు, బెల్టు కింద, చంకలు, తోక మొదలు, పెదవుల అంచులు అన్నీ తడమండి. కనురెప్ప మీద ఉంటే మాత్రం నా బోటి వాళ్లకు వదిలేయండి. ఇంకో మాట. మగకుక్కకూ చనుమొనలుంటాయి. గోమారి అనుకుని వాటిని పట్టి లాగి, రక్తం కారుతున్న కుక్కను ఆటోలో వేసుకొచ్చేవాళ్లు ఉంటారు. లాగేముందు కాళ్లున్నాయో లేదో చూడండి.

ప్ర: మధురవాడ నుంచి రాస్తున్నాను. మా పాపకు జడ వేస్తుంటే మెడ వెనక జుట్టు మొదట్లో చిన్న గోమారి కనిపించింది, ఊడదీశాను. నెట్‌లో లైమ్ అని, కోతుల జ్వరం అని ఏవేవో చదివాక ఒకటే టెన్షన్. ఇంజెక్షన్ ఏమైనా వేయించాలా?

జ: నేను పశువుల డాక్టర్ని తల్లీ, పాపకు మందు రాయను. అయినా ఈ పురుగుతోనే నా జీవితమంతా గడిచింది కాబట్టి చెబుతున్నాను, ముందు ఆ ఫోను పక్కన పెట్టండి. లైమ్ వ్యాధి ప్రధానంగా అమెరికా, యూరప్‌ల తలనొప్పి. దాన్ని మోసే గోమారి వేరే జాతి. కోతుల జ్వరాన్ని 1957లో కర్ణాటకలోని శివమొగ్గ వైపు క్యాసనూరు అడవిలో గుర్తించారు. అది పడమటి కనుమల అడవుల్లో తిరిగేవాళ్ల సమస్య.

మన ఇళ్లల్లో కుక్కల మీద ఉండే గోధుమ రంగు గోమారి వల్ల మనుషులకు రాగలిగింది టిక్ టైఫస్ జ్వరం. అదీ కుట్టిన ప్రతివాళ్లకూ రాదు. మీరు చేయాల్సిందల్లా క్యాలెండర్లో ఆ తేదీ చుట్టూ గీత గీయడం. రెండు మూడు వారాల్లోపు జ్వరం, తలనొప్పి, ఒంటి మీద ఎర్రటి మచ్చలు వస్తే, ముఖ్యంగా అరచేతుల్లో, అరికాళ్లలో కూడా మచ్చలు కనబడితే, పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్లి "ఫలానా తేదీన గోమారి తీశాం" అని చెప్పాలి. చెప్పకపోతే ఆయన డెంగీ, టైఫాయిడ్ పరీక్షలు రాసుకుంటూ కూర్చుంటారు. ఆ ఒక్క ముక్క చెబితే దారి దొరుకుతుంది, దీనికి మంచి మందు ఉంది. జ్వరం లేకుండా ముందస్తుగా యాంటీబయాటిక్ అక్కర్లేదు.

తీసే పద్ధతి మనిషికైనా కుక్కకైనా ఒకటే. చెవి రంధ్రం లోపలికి దూరినప్పుడు మాత్రం ఇంట్లో చేయి పెట్టొద్దు, నూనె పోయొద్దు, బడ్స్ అసలే వద్దు. ఈఎన్‌టీ డాక్టరు లైటు వేసి చూసుకుంటూ తీస్తారు. చెవిలో పోటని పిల్లలు ఏడిస్తే, ఇంట్లో కుక్క ఉంటే, ఆ అనుమానం కూడా పెట్టుకోండి. పాపకు స్నానం చేయించేటప్పుడు చెవుల వెనక, చంకలు, బొడ్డు, నడుం దగ్గర ఎలాస్టిక్ పట్టే చోటు, మోకాళ్ల వెనక ఒకసారి చూస్తుండండి.

ప్ర: సీతమ్మధారలో మూడో అంతస్తు ఫ్లాటు మాది. కుక్క కిందికి దిగేదే తక్కువ. షాంపూ, పౌడరు, కాలరు అన్నీ వాడాం. ఇప్పుడు గోడల మీద, కర్టెన్ల మీద కూడా పాకుతున్నాయి. ఎక్కడి నుంచి వస్తున్నాయి?

జ: ఎక్కడి నుంచీ రావట్లేదు బాబూ, మీ ఇంట్లోనే పుడుతున్నాయి.

ఈ గోధుమ రంగు గోమారి అడవిలో బతికేది కాదు, ఇల్లు మరిగిన పురుగు. మీ కుక్క మెట్ల దగ్గరో, లిఫ్టు దగ్గరో ఒక్క ఆడదాన్ని తెచ్చి ఉంటుంది. అది కడుపు నిండా తాగి, రాలిపడి, గోడ పగుల్లోనో టైల్సు సందులోనో దూరి వేలల్లో గుడ్లు పెట్టి చచ్చిపోతుంది. గుడ్డులోంచి వచ్చే పిల్లకు ఆరే కాళ్లు, కంటికి ఆనదు. అది కుక్క ఎక్కి, తాగి, రాలి, కుబుసం విడిచి ఎనిమిది కాళ్లతో మళ్లీ ఎక్కుతుంది. మళ్లీ రాలుతుంది, పెద్దదై మళ్లీ ఎక్కుతుంది. మూడుసార్లు ఎక్కడం, మూడుసార్లు దిగడం అన్నమాట. మన వేడిలో ఈ చక్రం రెండు మూడు నెలల్లో తిరిగేస్తుంది. పైకి పాకడం దాని స్వభావం, అందుకే గోడలు, కర్టెన్లు, తలుపు చట్రాల పైఅంచులు. తిండి లేకుండా నెలల తరబడి ఉండగలదు కూడా. ఊరెళ్లి వచ్చేలోగా చస్తాయిలే అనుకోవద్దు.

ఏ రోజు చూసినా కుక్క మీద ఉన్నవి కొన్నే, మిగతావన్నీ ఇంట్లో ఉన్నాయి. మీ షాంపూ డబ్బులు అందుకే నీళ్లలో పోసినట్టయ్యాయి.

కాబట్టి రెండు వైపులా ఒకేసారి మొదలుపెట్టండి. కుక్కకు నోటి ద్వారా ఇచ్చే మందులున్నాయి. ఫ్లూరలానర్ బిళ్ల ఒకటి వేస్తే పన్నెండు వారాలు పనిచేస్తుంది. అఫాక్సొలానర్, సరోలానర్ నెలకొకటి. కుక్క బరువును బట్టి మోతాదు, చీటీ లేకుండా కొనొద్దు. కుక్కకు ఎప్పుడైనా ఫిట్స్ వచ్చి ఉంటే ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పండి, ఈ జాతి మందులు అలాంటి కుక్కలకు ఆలోచించి ఇవ్వాలి. ఈ బిళ్ల పురుగును రానివ్వకుండా ఆపదు, కుట్టాకే చంపుతుంది. "బిళ్ల వేసినా గోమారి కనబడింది" అని మర్నాడే ఫోన్ చేయకండి. గోడల్లో ఉన్నవన్నీ ఒక్కొక్కటే వచ్చి కుక్క ఎక్కి చావాలి. మధ్యలో "తగ్గిపోయాయి కదా" అని ఆపేస్తే మిగిలినవి మళ్లీ సంసారం మొదలుపెడతాయి. కనీసం మూడు నాలుగు నెలలు వదలకుండా వాడండి.

ఇంటికి వస్తే, కుక్క పడుకునే గుడ్డలు వేడినీళ్లలో ఉతికి ఎర్రటి ఎండలో వేయండి. పాత గోనెసంచి, పాత పరుపు ఉంటే పారేయండి, వాటి మీద మమకారం వద్దు. వాక్యూమ్ క్లీనర్‌తో గోడ మూలలు, సోఫా కింద, మంచం కోళ్ల దగ్గర పట్టి, ఆ చెత్త సంచి మూతి కట్టి బయట పడేయండి. పగుళ్లు, టైల్సు సందులు తెల్ల సిమెంటుతో పూడ్పించండి. నన్నడిగితే ఇన్ని మందుల కంటే ఆ మేస్త్రీ కూలికే విలువెక్కువ. పెస్ట్ కంట్రోల్ వాళ్లను పిలిస్తే "కుక్క గోమార్లు" అని స్పష్టంగా చెప్పండి, బొద్దింకల జెల్ పెట్టి వెళ్లిపోతే లాభం లేదు. ఆ రోజు కుక్కనూ చేపల తొట్టినీ వేరే చోట ఉంచి, నేల పూర్తిగా ఆరాకే తీసుకురండి. కొన్ని వారాల తేడాతో రెండోసారి కొట్టించాలి. మెట్లు, పార్కింగు కూడా కలిపి చేయించమని అసోసియేషన్ మీటింగులో అడగండి. దెబ్బలాట అవుతుందని నాకు తెలుసు, అయినా అడగండి.

ప్ర: కుక్కకు తెచ్చిన మెడ మీద వేసే చుక్కల మందు మిగిలింది. పిల్లికీ గోమార్లున్నాయి, కొంచెం వేయొచ్చా?

జ: వద్దు. కుక్కల మందుల్లో చాలావాటిలో పర్మెత్రిన్ ఉంటుంది, అది పిల్లికి విషం. వణుకు, ఫిట్స్, ఒక్కోసారి ప్రాణమే పోతుంది. కడిగే మందు అమిట్రాజ్ కూడా పిల్లికి పనికిరాదు. పిల్లి బొమ్మ ఉన్న మందు, పిల్లి బరువుకు తగ్గది తెచ్చుకోండి. ఇప్పటికే వేసేసి ఉంటే గిన్నెలు తోమే సబ్బుతో గోరువెచ్చగా కడిగి, ఆ ప్యాకెట్ పట్టుకుని వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

ప్ర: ఉక్కునగరంలో ఉంటాం. మా పామరేనియన్ నాలుగు రోజులుగా తిండి ముట్టడం లేదు, ఒళ్లు కాలిపోతోంది, నిన్న ముక్కులోంచి రక్తం కూడా వచ్చింది. కిందటి నెల గోమార్లు బాగా పట్టాయి. ప్లేట్‌లెట్లకని బొప్పాయి ఆకు రసం పడుతున్నాం. ఏటి చెయ్యమంటారు?

జ: ఈ సంచిక మీ చేతికందేసరికి ఆలస్యమని మీకు ఫోనులోనే చెప్పించాం, అయినా మిగతావాళ్ల కోసం అచ్చు వేస్తున్నాం. ఇది గోమారి జ్వరం లక్షణం. ఎర్లీషియా అనే సూక్ష్మజీవి, లేకపోతే బబేసియా, ఒక్కోసారి రెండూ కలిసి. కుక్కకు రెండు లక్షల పైన ఉండాల్సిన ప్లేట్‌లెట్లు పడిపోతాయి, అందుకే ముక్కులోంచి రక్తం. చిగుళ్లు పాలిపోయాయేమో, పొట్ట మీద కమిలిన మచ్చలున్నాయేమో చూడండి. రక్తపరీక్ష ఆ రోజే చేయించాలి. ఎర్లీషియాకు డాక్సీసైక్లిన్ సాధారణంగా ఇరవై ఎనిమిది రోజులు వాడతాం. మూడో రోజుకే లేచి తిరుగుతుంది, మీరు బిళ్లలు ఆపేస్తారు, రోగం లోపలే దాక్కుంటుంది. బబేసియాకు మందు వేరు.

బొప్పాయి ఆకు రసం మీద నాకు కోపం లేదు, దాన్ని నమ్ముకుని రోజులు పోగొట్టుకోవడం మీదే కోపం. జ్వరం కదా అని ఇంట్లో ఉన్న డోలో సగం విరిచి వేయకండి, నొప్పి బిళ్లలు అసలే వద్దు. రక్తం కారుతున్న కుక్కకు అవి ఇంకా చేటు. ఎర్లీషియా ఎక్కడానికి పురుగు రోజుల తరబడి ఉండనక్కర్లేదు, కొన్ని గంటలు చాలు. కుక్కను తడిమి చూడడం ఆదివారం పని కాదు, రోజూ సాయంత్రం షికారు నుంచి రాగానే చేయాల్సిన పని.

ప్ర: ఫ్రెండ్స్‌తో అరకు వెళ్లి గడ్డిలో టెంట్ వేసుకున్నాం. వచ్చిన పది రోజులకు జ్వరం పట్టుకుంది. నడుం దగ్గర నల్లటి పెచ్చు ఉంది, నొప్పి లేదు. గోమారి కుట్టి లోపల ముక్క ఉండిపోయిందా?

జ: ఇది గోమారి పని కాకపోవచ్చు. గడ్డిలో, పొదల్లో ఉండే ఒక నల్లి జాతి (మంచంలో ఉండే నల్లి కాదు, మైట్ అంటారు) పురుగు పిల్ల ఉంది, మామూలు కంటికి కనబడదు. అది కుట్టినప్పుడు వచ్చేది స్క్రబ్ టైఫస్. సిగరెట్‌తో కాల్చినట్టుండే, నొప్పి లేని నల్ల పెచ్చు దాని గుర్తు. అది నడుం పట్టీ కింద, చంకలో, గజ్జల్లో, మనం అద్దంలో చూసుకోని చోటే ఉంటుంది. అందులో పీకడానికేం లేదు, దాన్ని గోకొద్దు. ఇవాళే ఫిజీషియన్ దగ్గరికి వెళ్లి, అడక్కపోయినా చొక్కా ఎత్తి ఆ పెచ్చు చూపించండి, గడ్డిలో పడుకున్న సంగతి చెప్పండి. రక్తపరీక్ష ఉంది, డాక్సీసైక్లిన్‌కో అజిత్రోమైసిన్‌కో త్వరగా లొంగుతుంది. నాన్చితే ఊపిరితిత్తులు, కిడ్నీలు, మెదడు దాకా పోతుంది. మనిషి నుంచి మనిషికి అంటదు, ఇంట్లో వాళ్లు దూరంగా ఉండనక్కర్లేదు. మీతో వచ్చిన ఫ్రెండ్స్‌కు కూడా ఈ కబురు చెప్పండి.

ప్ర: ఆనందపురం మండలంలో మాకు రెండు జెర్సీ ఆవులు. పొదుగు చుట్టూ, తోక కింద గోమార్లు గుత్తులుగా ఉన్నాయి. చేతితో పీకలేక మిరప చేనుకు కొట్టే మందు కలిపి పూద్దామనుకుంటున్నాం.

జ: పూయకండి నాయనా. పొలం మందు పశువు నాకినా, చర్మంలోంచి ఇంకినా పడిపోతుంది. పూసిన మనిషికీ ముప్పే. గుత్తులుగా ఉన్నప్పుడు పీకుతూ కూర్చునే పని కూడా కాదు. పశువుల ఆసుపత్రిలో డెల్టామెత్రిన్ లాంటి మందు రాయించుకుని, చెప్పిన కొలతకే నీళ్లలో కలపండి. ఘాటుగా ఉంటే బాగా చస్తాయని ఇంకో మూత పోయకండి. ముందు ఆవులకు కడుపు నిండా నీళ్లు పెట్టండి, దాహం మీద ఒళ్లు నాకవు. చల్లటి పూట, చేతులకు గ్లవ్స్ వేసుకుని, చెవుల లోపలి అంచు, గంగడోలు, పొదుగు, తోక కింద అన్నీ తడిచేలా కొట్టాలి. పశువుల గోమారి ఒకే ఆవు మీద మూడు వారాలుండి పెద్దదై దిగుతుంది, అందుకే ఒక్కసారితో పోదు. మళ్లీ ఎప్పుడు కొట్టాలో డాక్టరుగారు చెబుతారు. అదే రోజు పాక గోడల నెర్రెలు, గాడి కింద కూడా కొట్టి, తర్వాత నెర్రెలు పూడ్చి సున్నం వేయండి.

జెర్సీలు మన నాటు ఆవుల్లా తట్టుకోలేవు. భుజం ముందు గడ్డ కట్టి, ఒళ్లు కాలుతూ, పాలు ఒక్కసారిగా తగ్గితే అది గోమార్ల వల్ల వచ్చే థైలీరియా అనే జబ్బు కావచ్చు, ఆ రోజే చూపించండి. మందు కొట్టాక పాలు ఎన్నాళ్లు వాడకూడదో డబ్బా మీద రాసి ఉంటుంది. అది లేని డబ్బా, లేబులు చిరిగిన డబ్బా ఎంత చవగ్గా ఇచ్చినా కొనకండి.